చెయ్యి పోయినంత దూరం

కృష్ణన్ చొక్కా కాలరు ఆరోకియమేరి పిడికిట్లో ఉంది. పై గుండీ తెగి రోడ్డు మీద దొర్లింది. గుడియాత్తం సూసైయప్పర్ వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకొని చుట్టూ మూగారు. వాల్వు తిప్పే మనిషి చేతికి దొరికాడు, ఇంక వదిలేది లేదు.

"నేను తెరిచినానక్కా," అన్నాడు కృష్ణన్. "దినామూ పొద్దున్నే తెరస్తానే ఉండా. కడ్డీ ఇంక తిరగనంటే గానీ వదల్లేదు."

"తెరిస్తే నీళ్ళు యాడ పోయినాయిరా? నీ పొట్టలోకా?"

చెంప మీద పడిన దెబ్బకి కృష్ణన్ తల పక్కకి తిరిగిపోయింది. బీడీలు చుట్టే చెయ్యి అది. సన్నగా ఉంటుంది, తగిలితే బెత్తంలాగే తగులుతుంది.

రాజ్‌మోహన్ దెబ్బ పడేదాకా ఆగి, అప్పుడు అడ్డం వచ్చాడు. నీళ్ళ స్కీము ఆఫీసులో ఈ ఊరి లైన్లకి ఆయనే ఇంజనీరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడత పెట్టిన కాగితం.

"కొట్టొద్దండమ్మా. కొట్టేదానికి మనమెవరం? లెక్క ఉండాది. లెక్కే చెప్తాది." కాగితం విప్పి చదివాడు. "గుట్ట మీది ట్యాంకు మట్టం మీ వీధి కంటే పన్నెండు మీటర్లు ఎత్తు. పైపు ఆరంగుళాలు. పైపు గోడకి రాసుకొని వచ్చేటప్పుడు నీళ్ళు పోగొట్టుకునే బలం రెండు మీటర్ల చిల్లర. మిగిలిన బలంతో నీళ్ళు మీ మాతకోవెల చర్చి మీది గంట దాకా ఎక్కాల. ఎక్కిందా?"

"కుళాయిలో గాలి కూడా రాదు సార్," అంది ఒకామె.

"మరి మధ్యలో ఎవరు ఆపినట్టు? వాల్వు ఎవరి చేతిలో ఉండాది?" ఆయన వేలు వెనక్కి తిరిగింది. "లెక్క నాది కాదు. ఈ మేడమ్‌ది."

అందరి కళ్ళూ హేమప్రియ మీద పడ్డాయి. కాట్పాడి పిల్ల, ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. ఒక ముసలమ్మ బిందె కింద పెట్టి ఆమెకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. హేమప్రియకి ఏం చెయ్యాలో తెలియక తనూ దణ్ణం పెట్టింది.

వాల్వు తిప్పే ఇనప కడ్డీ కృష్ణన్ చేతిలోంచి తీసుకొని రాజ్‌మోహన్ జీపులో వేయించాడు. "శుక్రవారం విచారణ. వేలూరు నుంచి పెద్దింజనీరు గుణశేఖరం సార్ వస్తారు. అప్పటిదాకా ఈ పక్కకి రావొద్దు. ఆ తర్వాత ఎట్లాగూ రావు."

కృష్ణన్ వంగి గుండీ వెతుక్కున్నాడు. దొరకలేదు. కాలరు చేత్తో పట్టుకొని నడిచి పోయాడు.

*

సాయంత్రం గుడియాత్తం స్టేషన్లో కాట్పాడి బండి కోసం హేమప్రియ బెంచీ మీద కూర్చుంటే, కృష్ణన్ వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. చొక్కాకి గుండీ బదులు పిన్నీసు పెట్టుకున్నాడు.

"మేడమ్, మీ కాగితంలో నేను యాడ ఉండాను?"

"ఏందన్నా?"

"నా పేరు యాడ రాసినారో చూపించండి. నాకు ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి చూపించండి చాలు."

"మీ పేరు లేదన్నా. అందులో పైపు మాత్రమే ఉండాది."

"పేరు లేకుండానే నా పని పోయిందే." కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. "మా యింటామె మధ్యాన్నం నుంచి తలుపు తియ్యలేదు. పక్కింటోళ్ళు తలుపు మీద పేడనీళ్ళు చల్లినారు. పేడ కలిపేదానికి మాత్రం నీళ్ళు దొరికినాయి చూడండి."

బండి వస్తోందని గంట కొట్టారు. అతను ఒక అడుగు ముందుకి వేశాడు. "నేను సరిగ్గానే తెరిచినా మేడమ్. అంతకు మించి చెప్పేదానికి నాకేం లేదు."

బండిలో కిటికీ పక్కన కూర్చున్నా ఆమెకి పొలాలు కనబడలేదు. లెక్క కనబడింది. పొడుగు కొలిచిందే. ఎత్తు కొలిచిందే. పైపు వెడల్పు అందరికీ తెలిసిందే. ఇంక మిగిలింది రాపిడి. ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ అని కాలేజీలో నేర్చుకున్న ఎఫ్. సుడులు తిరుగుతూ ఉరికే నీళ్ళకి ఆ ఎఫ్ నేరుగా దొరికేది కాదు. ముందు ఒక అంకె అనుకోవాలి. అనుకున్నదాన్ని సమీకరణంలో పెడితే ఇంకో అంకె వస్తుంది. దాన్ని మళ్ళీ పెట్టాలి. నాలుగైదు సార్లు తిప్పితే అంకె కదలడం మానేస్తుంది, అదే జవాబు. తప్పుగా మొదలుపెట్టినా ఫరవాలేదు, లెక్కే దిద్దుతుందని కాలేజీలో చెప్పిన మేడమ్ మాట ఆమెకి ఎంతో నచ్చేది.

కానీ లెక్క దిద్దలేనిది ఒకటుంది. పైపు లోపలి గోడ ఎంత గరుకో, అది మనమే చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ పాత ఇనప పైపుకి లోపలంతా సిమెంటు పూత వేయించినట్టు ఆఫీసు ఫైల్లో ఉంది. పూత వేసిన పైపు నున్నగా ఉంటుంది. ఆ నునుపునే ఆమె లెక్కలో వేసింది. పైపుని అడగలేదు. ఫైలుని అడిగింది. ఈ ఆఫీసులో అందరూ చేసేది అదే. పైపు భూమిలో ఉంటుంది, ఫైలు బీరువాలో ఉంటుంది, బీరువా దగ్గర.

విరించిపురం గోపురం దూరంగా వెనక్కి పోయింది. లెక్కని తిరగేస్తే? అంకె నుంచి నీళ్ళకి కాకుండా, నీళ్ళ నుంచి అంకెకి వస్తే?

*

ఆరోకియమేరి ఒళ్ళో చేట. తడి ఆకు కత్తిరించి, పొగాకు చల్లి, చుట్టి, మూతి గోటితో లోపలికి మడిచి, దారం వేసి తెంపుతోంది. హేమప్రియ చెప్పేదంతా వింటూనే ఉంది, చేతులు ఆగలేదు.

"నడమ ఉండే బజారు వీధి మోటార్లు, కుళాయిలు అన్నీ గంట సేపు కట్టేయాలక్కా. వాల్వు పూర్తిగా తెరవాల. అప్పుడు మీ వీధి కొసన ఎంత నీళ్ళొస్తాయో, ఎంత బలంగా వస్తాయో కొలవాల."

"ఎవరు తెరస్తారు? వాడా?"

"నేను."

దారం తెగింది. ఆరోకియమేరి తలెత్తింది. "నువ్వు తెరిచినాక నీళ్ళొస్తే వాడు దొంగని రుజువైనట్టే కదా?"

"ఏం రుజువైతాదో చూద్దామక్కా. కొత్త మనిషి వచ్చినాడు కదా, ఈ పొద్దు నీళ్ళొచ్చినాయా?"

"రాలేదు. వాడికింకా పని తెలీదు పాపం." చేట పక్కన పెట్టి ఒళ్ళో పొగాకు దులుపుకుంది. "వస్తా పద. ఆ దొంగని నా చేత్తోనే పట్టిస్తా."

బజారు వీధిలో నీళ్ళు వచ్చే ముందే పైపుకి మోటార్లు తగిలించి లాగుతారు. అది తప్పని అందరికీ తెలుసు, అందరూ చేస్తారు. కిరాణా అంగడి తంగమ్మ గల్లాపెట్టె ముందు నుంచి లేవకుండానే అంది, "మీ మాతకోవెల వీధికి నీళ్ళు కావాలంటే మేం గొంతు ఎండబెట్టుకోవల్నా?"

"ఒక గంట సెట్టెమ్మా. మీ శనివారం ఒక్కపొద్దు ఈసారి మీ మోటారు ఉంటాది. పుణ్యం మీకే రాస్తాం."

"నీకు నోరు ఎక్కువ మేరీ."

"నీళ్ళు తక్కువ కదా, అందుకే నోరు ఎండి అట్ల వస్తాది."

తంగమ్మకి నవ్వొచ్చింది. బుధవారం తెల్లవారేసరికి ఒక్కో మోటారు దగ్గర సూసైయప్పర్ వీధి ఆడమనిషి ఒకరు ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నారు. అంగళ్ళవాళ్ళు వాళ్ళకి కాఫీ కూడా ఇచ్చారు. మోటారు స్విచ్చి వైపు ఎవరి చెయ్యీ పోలేదు.

తనిఖీ అని చెప్పి ఇనప కడ్డీ ఆఫీసులోంచి తెచ్చింది హేమప్రియ. రాజ్‌మోహన్ ఊళ్ళో లేడు. వాల్వు తల మీద కడ్డీ పెట్టి ఒంటి బరువంతా వేస్తే కదల్లేదు. ఆరోకియమేరి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ గానుగెద్దుల్లాగా చుట్టూ తిరిగారు. కిర్రుమంటూ తిరిగి తిరిగి, ఒకచోట టక్కున నిలిచిపోయింది. పూర్తిగా తెరుచుకుంది. వాల్వు దాటిన చోట బిగించిన గేజీలో బలం ఏమీ తగ్గలేదు. వాల్వు ఏమీ తినలేదన్నమాట.

మాతకోవెల దగ్గర లైను కొస. అక్కడ లోపల నీళ్ళు కనబడే ప్లాస్టిక్ ట్యూబు ఒకటి పైపుకి తగిలించి, చర్చి గోడ వెంట పైన గంట దాకా నిలువుగా కట్టి పెట్టింది. ముందు కొస మూసి చూసింది. నీళ్ళు కదలకుండా నిలబడి ఉంటే ట్యూబులో మెల్లగా ఎక్కి గంటని దాటి పైనించి కారాయి. తర్వాత కొస తెరిపించింది. పైపులోంచి బుగబుగమని ఎర్రటి నీళ్ళు, కాసేపటికి తెల్లటి నీళ్ళు వచ్చి డ్రమ్ములో పడ్డాయి.

వీధంతా అరిచింది. బిందెలు, కుండలు, పాల క్యాన్లు. పిల్లలు చొక్కాలతోనే డ్రమ్ము కింద దూరారు. హేమప్రియ మాత్రం గోడ వైపు చూస్తోంది. ట్యూబులో నీళ్ళు గంట నుంచి జారి, కిటికీ దాటి, కిటికీ కింద అంచు దగ్గర నిలిచాయి. పరిగెత్తే నీళ్ళు తొమ్మిది మీటర్ల బలం దారిలో పోగొట్టుకున్నాయి. పోగొట్టుకోవలసింది రెండు.

"అక్కా, ఇటు చూడు. నీళ్ళు కిటికీ దగ్గరే ఆగినాయి."

ఆరోకియమేరి బిందె నింపుకుంటోంది. "కిటికీ ఎందుకు నాకు? బిందె నిండింది. వాడు లేని పొద్దు నిండింది." లేచి వీధి మలుపు వైపు చెయ్యి చాపింది. అక్కడ కరెంటు స్తంభం పక్కన కృష్ణన్ నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. "తిరుడన్. చూడండి, దొంగ మొహం చూడండి."

ఒక రాయి అతని కాళ్ళ దగ్గర పడింది. ఇంకొకటి స్తంభానికి తగిలి టంగుమంది. కృష్ణన్ పరిగెత్తలేదు. హేమప్రియ వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగాడు. అతన్ని కాపాడదామని పెట్టిన పరీక్ష అతన్ని దొంగని చేసింది. ఆమె చేతిలో డ్రమ్ము నిండిన లెక్క ఉంది. ట్యాంకులో తగ్గిన నీళ్ళూ, కొసన పడిన నీళ్ళూ ఒకటే. నడమ చుక్క కూడా ఎవడూ దొంగిలించలేదు. అది అరిచి చెప్పింది. బిందెల చప్పుడులో ఎవరికి వినబడుతుంది?

*

ఆఫీసులో కూర్చొని లెక్క తిరగేసింది. ఎఫ్ సున్నా పాయింట్ సున్నా ఎనిమిది ఐదు వచ్చింది. నున్నటి పూతకి రావలసింది సున్నా పాయింట్ సున్నా రెండు చిల్లర. నాలుగు రెట్లు. మళ్ళీ చేసింది. అదే వచ్చింది.

ఈ రాపిడికి పుస్తకంలో ఒక పటం ఉంటుంది. అడుగున నున్నటి పైపుల గీత, పైకి పోయేకొద్దీ గరుకు పైపుల గీతలు. తన అంకె ఎక్కడుందా అని పెన్సిలు జరుపుతూ పోయింది. అన్నిటికన్నా పై గీతని కూడా దాటి, ఏ గీతా లేని తెల్ల కాగితంలో ఆగింది పెన్సిలు. గరుకొక్కటే అయితే అంత రాదు. పైపు లోపల గరుకుతోపాటు దారి కూడా పూడుకుపోయి ఉండాలి. ఆరంగుళాల పైపని పేరే గానీ లోపల ఆరంగుళాలు లేవు. బజారుకి పోయేటంత దూరం ఎట్లాగో ఈడ్చుకుపోతాయి నీళ్ళు. అక్కడ మోటార్లు లాగేసుకుంటే కొసకి పోవు. వాల్వు ఎవరు తిప్పినా పోవు.

గురువారం రాజ్‌మోహన్ ఆ కాగితం చూశాడు. కేకలు వెయ్యలేదు, నవ్వాడు. అదే భయపెట్టింది ఆమెని.

"సిమెంటు పూత వేసిన పైపుకి ఈ ఎఫ్ ఎట్ల వస్తాదమ్మా? పటంలోనే లేదే. కాలేజీ పిల్లలు చూస్తే పగలబడి నవ్వుతారు. గేజీ చెడిపోయింటాది, ట్యూబులో గాలి చేరింటాది. పద, నీ కళ్ళతో నువ్వే చూడు."

మాతకోవెల పక్కన పైపు కోసం నేలలో కట్టిన తొట్టి మూత తీయించాడు. లైను ఆపించి, పైపు అతుకు దగ్గర పలక విప్పించాడు. టార్చి ఆమె చేతికే ఇచ్చాడు. హేమప్రియ మోకాళ్ళ మీద వంగి చూసింది. బూడిద రంగు సిమెంటు, తాపీ పట్టినంత నునుపు. వేలు పెట్టి రాసి చూసింది. గాజులాగా ఉంది. టార్చి వెలుగు కొంత దూరం పోయి చీకట్లో కలిసిపోయింది.

"ఇప్పుడేమంటావు?"

ఆమె టార్చి ఆర్పి పక్కన పెట్టింది.

"చూడమ్మా, తప్పు ఎవరైనా చేస్తారు. ఈ రెండో కాగితం పొరపాటని రాసియ్యి. మొదటిది ఉండనీ. వచ్చే నెల నీ కాంట్రాక్టు మళ్ళీ రాయాల, నేనే కదా సంతకం చేసేది. ఆ కృష్ణన్‌గాడు నీకేమన్నా చుట్టమా?" చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. జీపులో ఆయనకి క్యాను నిండా నీళ్ళు ఉంటాయి.

ఆ పూట ఆమె అన్నం సగం వదిలేసింది. తన కళ్ళు సిమెంటు చూశాయి. వీధంతా కళ్ళారా నీళ్ళు చూసింది. కళ్ళన్నీ ఒక పక్క, అంకె ఒక్కటీ ఒక పక్క. గేజీ నిజంగానే చెడిందేమో. రాసిచ్చేస్తే పోతుంది. పెన్ను తీసింది, రెండు ముక్కలు రాసింది కూడా. 'నేను చేసిన పరీక్షలో' అని రాసి ఆగింది.

గేజీ చెడిపోతే చెడిపోనీ. గోడ మీద ట్యూబులో నీళ్ళు దిగడం గేజీ చెప్పింది కాదే. టార్చి చూసింది మూరెడు. నీళ్ళు చూసింది పైపంతా. ట్యాంకు నుంచి కొస దాకా ప్రతి అంగుళం రాసుకొని వచ్చి చెప్పిన మాట ఆ అంకె. ఎవరి మాట నమ్మాలి?

కాగితం చింపి బుట్టలో వేసింది.

*

శుక్రవారం గుణశేఖరం మాతకోవెల ముందు కుర్చీలో కూర్చున్నాడు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, కళ్ళద్దాలకి తాడు. వీధి ఆడవాళ్ళు గోడ వెంట నిలబడ్డారు. బిందెలన్నీ మళ్ళీ ఖాళీ. కొత్త మనిషి నాలుగు రోజులుగా వాల్వు తిప్పుతూనే ఉన్నాడు, పరీక్ష పెట్టిన పొద్దు తప్ప మళ్ళీ చుక్క రాలేదు. కృష్ణన్ ఎండలో నిలబడ్డాడు. నీడలోకి రమ్మని ఎవరూ అనలేదు. భుజానికి సంచీ, సంచీలో నీళ్ళ సీసా.

"అమ్మాయి రెండో లెక్క వెనక్కి తీసుకుంటా ఉండాది సార్," అన్నాడు రాజ్‌మోహన్. "గేజీ పొరపాటు."

"లేదు సార్," అంది హేమప్రియ. "వెనక్కి తీసుకోలేదు. నా మొదటి లెక్కే తప్పు. పూత ఉందనుకొని చేసినా. ఈ పైపులో పూత లేదు."

రాజ్‌మోహన్ మొహంలో నవ్వు పోలేదు, బిగుసుకుంది. "నిన్న నీ కళ్ళతోనే చూసినావు కదమ్మా. సార్, మీరే చూడండి." మళ్ళీ పలక విప్పించాడు. గుణశేఖరం వంగి టార్చి వేసి చూశాడు. వేలితో రాశాడు. లేచి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పూత బాగానే ఉందే," అన్నాడు.

"ఇంకా లోపలికి చూడాల సార్."

"టార్చికి ఇంతకన్నా ఏం కనబడతాదమ్మా?"

"కనబడదు సార్. అందుకే అంటా ఉండా."

ఎవరో నవ్వారు. గుణశేఖరం కాగితం కోసం చెయ్యి చాపాడు. సంతకం పడితే కృష్ణన్ పని సంగతి అయిపోయినట్టే. కృష్ణన్ సంచీ తాడు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు, బయల్దేరబోయే మనిషిలాగా.

"ఉండు సార్," అంది ఆరోకియమేరి గోడ దగ్గర నుంచి.

ఆమె కృష్ణన్‌కి శిక్ష పడేది చూద్దామనే వచ్చింది. కానీ ఈ నాలుగు పొద్దులూ ఒకటి ఆమెని తొలుస్తోంది. దొంగ పోయాడు, నీళ్ళు రాలేదు. ఖాళీ బిందె కింద పెట్టి, కొంగు నడుముకి దోపి, తొట్టిలోకి దిగింది. పైపు ముందు బోర్లా పడుకొని కుడి చెయ్యి లోపల పెట్టింది. మణికట్టు. మోచెయ్యి.

"సిమెంటే సార్. నున్నగా ఉండాది."

"చెప్పినా కదా," అన్నాడు రాజ్‌మోహన్.

ఆమె ఇంకా తోసింది. మోచెయ్యి దాటింది. చెంప ఇనుముకి ఒత్తుకుంది, జాకెట్టు చెయ్యి చిరిగింది. భుజం పైపు మూతికి తగిలింది. అక్కడ ఆగింది. కళ్ళు మూసుకొని వేళ్ళతో వెతుకుతోంది, చీకట్లో ఆకు మూతి మడిచే వేళ్ళు.

"సిమెంటు అయిపోయింది," అంది మెల్లగా.

వేళ్ళు పైకీ కిందికీ తడిమాయి.

"మేస్త్రీ చెయ్యి నా చెయ్యంతే ఉండాది సార్. వాడి చెయ్యి పోయినంత దూరం పూసినాడు. ఆ పక్కంతా ముళ్ళు. పుట్టలు పుట్టలుగా ఉండాది. నా పిడికిలి పట్టదు."

పిడికిలి పట్టని చోట చెయ్యి ఇరుక్కుంది. లాగితే రాలేదు. ఒక్క క్షణం ఆమె మొహం తెల్లబోయింది. హేమప్రియ తొట్టిలోకి దూకి భుజం పట్టుకుంది. మెల్లగా తిప్పుతూ లాగితే చర్మం దోక్కొని బయటికి వచ్చింది. వేళ్ళ నుంచి మోచెయ్యి దాకా ఎర్రటి తుప్పు, పిడికిట్లో నల్లటి పెచ్చులు. గుణశేఖరం ముందు పిడికిలి విప్పింది. పెళుసు పెచ్చు ఒకటి విరిగి ఆయన తెల్ల చొక్కా మీద పడింది.

ఆయన దాన్ని దులుపుకోలేదు. వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. చాలాసేపు నలిపాడు.

"ఎంత వచ్చిందన్నావమ్మా ఎఫ్?"

"సున్నా పాయింట్ సున్నా ఎనిమిది ఐదు సార్."

"ఆ కాగితం నాకివ్వు." రాజ్‌మోహన్ వైపు చూడకుండానే అన్నాడు, "నడమ రెండు చోట్ల రోడ్డు తవ్వించండి. పైపు కోసి ముక్క నా టేబులు మీద పెట్టాల. నేను ఉండగానే." రాజ్‌మోహన్ ఫోను చెవికి పెట్టుకొని జీపు చాటుకి పోయాడు. ఎవరికి చేస్తున్నాడో అందరికీ తెలుసు. పూత పూసిన కాంట్రాక్టరు ఆయన బామ్మర్ది స్నేహితుడని ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్తారు.

కృష్ణన్ పని గురించి ఆర్డరు వస్తుందన్నారు. ఎప్పుడో చెప్పలేదు. పీకేటప్పుడు నోటి మాట చాలు, తిరిగి పెట్టేటప్పుడు వేలూరు నుంచి కాగితం రావాలి.

ఆరోకియమేరి తొట్టి గట్టు మీద కూర్చుంది. దోక్కుపోయిన చోట తుప్పు మంటపెడుతోంది. చుట్టూ చూసింది. ఎదురుగా కుళాయి, ఎండిపోయి ఉంది. గోడ వెంట ఇరవై ముప్ఫై బిందెలు, ఒక్కదాంట్లో చుక్క లేదు. వీధంతట్లో చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు లేవు. చెయ్యి అట్లాగే గాల్లో పెట్టుకొని కూర్చుంది.

కృష్ణన్ ఎండలోంచి నడిచి వచ్చాడు. సంచీలోంచి సీసా తీసి మూత విప్పాడు. ఒంచబోయి, ఆగాడు.

"నన్ను కొట్టింది ఈ చెయ్యేనా?"

ఆమె తలెత్తలేదు. "ఇదేనప్పా."

అతను కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత సన్నటి ధార ఒంచాడు. ఆరోకియమేరి రెండో చెయ్యి కింద పట్టింది, కారిన నీళ్ళు నేల పాలు కాకుండా. ఎర్ర నీళ్ళు ఆ దోసిట్లో నిలిచాయి. వాటితోనే మోచెయ్యి మళ్ళీ రుద్దుకుంది.

"ఇంక చాలు," అన్నాడు కృష్ణన్, సగం ఉండగానే మూత బిగిస్తూ. "మిగిలింది తాగేదానికి కావాల."